రుద్దినా పోని మచ్చ

గుడ్ ఫ్రైడేకి ముందురోజు గురువారం సాయంత్రం మా సంఘంలో ఒకరి కాళ్లు ఒకరు కడుగుతారు. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడు కనుక మనమూ అలాగే తగ్గించుకోవాలని ఆ ఆచారం. తగ్గించుకోవడం మాట ఎలా ఉన్నా, ఆ రోజు మధ్యాహ్నం నుంచే మా ఆడవాళ్లందరం ఇళ్లలో కాళ్లు పట్టుకుని కూర్చుంటాం. సబ్బు, గరుకు రాయి, నిమ్మచెక్క, ఆఖరున కొబ్బరినూనె. ఇంకొకరు కడగవలసిన కాళ్లను తళతళలాడేలా తోముకుని, దుమ్ము అంటకుండా ఏరి ఏరి అడుగులు వేస్తూ మందిరానికి వస్తాం. కడిగేవాళ్లకు కడగడానికి ఏమీ మిగలదు. మా పాస్టరమ్మ ఏటా ఈ మాట అని నవ్వుతుంది. మేమూ నవ్వుతాం. మరుసటి ఏడు మళ్లీ తోముకుంటాం.

నాచారంలో మా సంఘం చిన్నది. జనగామ, ఆలేరు వైపు పల్లెల నుంచి మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లే ఎక్కువ. మా ఆయనా అలా వచ్చినవాడే. చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని. నేను ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూల్ పిల్లలకు తెలుగు చెబుతాను. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మేమిద్దరమే, రెండు గల్లీల అవతల ఆయన అన్నగారి ఇల్లు.

నా కుడి మడమ మీద, లోపలి అంచున, ఒక నల్ల మచ్చ ఉండేది. ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. మొదట చెప్పుల రంగు అంటిందనుకున్నాను. నల్ల చెప్పులు పనిమనిషికి ఇచ్చేసి గోధుమరంగువి కొనుక్కున్నాను, మచ్చ పోలేదు. రోజంతా నిలబడి పాఠం చెబుతాను కదా, ఆనె కాసి ఉంటుందనుకుని మెడికల్ షాపులో ఆనెలకు అంటించే పట్టీ తెచ్చి అంటించాను. పై తోలు తెల్లగా నాని ఊడింది, కింద మచ్చ అలాగే ఉంది. ఇక రాయి పట్టుకున్నాను. స్నానం చేసినప్పుడల్లా రుద్దడమే. నొప్పి లేదు, దురద లేదు. నొప్పి లేనిదాన్ని ఎవరైనా రోగం అనుకుంటారా? నాకది రోగం కాదు, సిగ్గు.

కాళ్లు కడిగే రోజు వచ్చిందంటే ఆ సిగ్గు రెట్టింపయ్యేది. దానికో ఉపాయం కనిపెట్టాను. ఎడమ కాలు ముందు పెట్టేదాన్ని. అది కడిగి తుడవగానే, "చాలమ్మా, చాలు, నాకెందుకింత" అని లేచి చీర సవరించుకునేదాన్ని. చూసేవాళ్లు అది నా వినయం అనుకునేవారు. ఒకసారి పాస్టరుగారు ప్రసంగంలో కూడా నా వినయాన్ని మెచ్చుకున్నారు. నేను తలవంచుకుని విన్నాను.

ఆ ఏడు మాత్రం ఉపాయం పారలేదు. మా ఆయన వదిన, అంటే నా తోడికోడలు, మా వైపు యారాలు అంటాం, ఆమెతో నాకు అప్పటికి కొన్ని నెలలుగా మాటల్లేవు. కారణం చెబితే మీరు నవ్వుతారు. మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టి భోజనాలు పెడితే, ఆమె మటన్ కూర నోట్లో పెట్టుకుని అందరూ వినేలా "ఉప్పు మస్తున్నది చెల్లే, జర నీళ్లు కలుపు" అంది. ఆమె నోరు పెద్దది. మనసులో ఉన్నది నోటికి రావడానికి మధ్యలో తలుపు లేదు. నాకేమో ముక్కు మీద కోపం. అంతే, మాట్లాడటం మానేశాను. మందిరంలో ఆమె కుడివైపు కూర్చుంటే నేను ఎడమవైపు కూర్చునేదాన్ని.

పాస్టరమ్మకు అన్నీ తెలుసు. గురువారం సాయంత్రం ఆడవాళ్లందరినీ జతలు కలుపుతూ మా దగ్గరికి వచ్చి ఇద్దరి చేతులూ పట్టుకుని ఒకచోట కూర్చోబెట్టింది.

"మాటలు లేనోళ్లే ఈ దినం ముందుగాల కడగాలె" అంది. ఆమెకు ఎదురు చెప్పేవాళ్లు మా సంఘంలో లేరు.

యారాలు నా ముందు పీట వేసుకుని కూర్చుంది. ముఖం నావైపు చూడలేదు. నేను ఎడమ కాలు పళ్లెంలో పెట్టాను. కడిగింది, తుడిచింది.

"చాలక్కా" అన్నాను.

"ఏం చాలు? రెండు కాళ్లున్నయి గద" అంటూ చీర కుచ్చెళ్ల కింద దాచుకున్న కుడి కాలు మడమ పట్టుకుని లాగింది. నీళ్లు పోసింది. బొటనవేలితో రుద్దింది. ఆగి, వంగి చూసి, మళ్లీ రుద్దింది. తువ్వాలు తడిపి రుద్దింది. చుట్టూ పాట సాగుతోంది, మా పక్కన మాత్రం ఒక్కొక్కరే పాడటం ఆపి చూస్తున్నారు.

"ఏందే ఇది? కాళ్లు కడుగుడు దినం గింత మురికితోని వస్తరా? ఎంత రుద్దినా పోతలేదు! పాస్టరమ్మా, సబ్బేమన్న ఉన్నదా?"

"మురికి కాదది, మచ్చ" అన్నాను పళ్ల బిగువున.

"మచ్చ గిట్లుంటదా? బడి పిల్లలకు శుభ్రం పాఠం నువ్వే గద చెప్పేది!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తరువాత నేను ఆమె కాళ్లు కడగాలి. కడిగాను. నిమ్మచెక్క వాసన వస్తున్న, మచ్చ లేని, పగుళ్లు లేని ఆమె కాళ్లు కడుగుతూ నేను మనసులో అనుకున్నవి దేవుడు విన్నాడేమోనని ఇప్పటికీ భయం.

ఇంటికి వచ్చి మా ఆయన ముందు అగ్గి మీద గుగ్గిలమయ్యాను. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు. "వదిన నోరే గంత. ఇడ్సిపెట్టు" అన్నాడు. నేను విడిచిపెట్టే రకం కాదు. డాక్టరు చేత అది మురికి కాదని చెప్పించుకుని, ఈస్టర్ ఆరాధన అయ్యాక అందరి ముందు ఆమెకు చెప్పి తీరాలనుకున్నాను. కాబట్టి శనివారం సాయంత్రం నేను ఉప్పల్‌లో చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లింది రోగం చూపించుకోవడానికి కాదు. గెలవడానికి.

మెట్రో స్టేషన్ దగ్గర మేడ మీద క్లినిక్. డాక్టరమ్మ చిన్నది, నా దగ్గర చదువుకుని వెళ్లిన పిల్లల వయసు. నా మడమను ఒడిలోకి తీసుకున్నట్టే తీసుకుని, లైటున్న చిన్న భూతద్దం ఆనించి చూసింది. చాలాసేపు చూసింది. నాకు ఓపిక తక్కువ.

"మురికి కాదు గదా మేడం?" అన్నాను.

"మురికి కాదమ్మా" అంది.

ఆ ఒక్క నిమిషం నాకు కలిగిన సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. గెలిచాను అనుకున్నాను. డాక్టరమ్మ ముఖంలో మాత్రం నవ్వు లేదు. కాలు కింద పెట్టకుండా అలాగే పట్టుకుని చెప్పింది.

"అరికాలి తోలు మీద వేలిముద్రల లెక్క గీతలుంటయి. మామూలు పుట్టుమచ్చ అయితే రంగు ఎక్కువగా ఆ గీతల మధ్య పల్లంల ఉంటది. మీది మిట్టల మీద పరుచుకున్నది. అంచులు సమంగ లేవు, ఒకదిక్కు నలుపు, ఒకదిక్కు గోధుమ. ముక్క తీసి టెస్టుకు పంపాలె. మెలనోమా అని ఒక రకం చర్మం క్యాన్సర్, నాకు దాని అనుమానం ఉన్నది."

"అది తెల్లోళ్లకు గదా వచ్చేది? ఎండకు?"

"మనకు తక్కువ. కానీ వచ్చినప్పుడు గిట్లనే అరికాళ్లల్ల, అరిచేతులల్ల, గోళ్ల కింద వస్తది. ఎండతోని సంబంధం లేదు. అక్కడ ఎవ్వరు చూసుకోరు, చూసినా ఆనె అనుకుంటరు. బాగ ముదిరినంకనే నా దగ్గరికొస్తరు. మీరు పుండు కాకముందే ఎట్ల వచ్చిన్రు?"

"మా యారాలు మురికన్నది" అన్నాను. 

ఆ సాయంత్రమే ముక్క తీసి కట్టు కట్టింది. మరునాడు ఈస్టర్ ఆరాధనకు ఆ కట్టుతోనే వెళ్లాను. యారాలి వైపు చూడలేదు. ఏం చెప్పను?

ముక్క పరీక్ష ఫలితం వచ్చిన రోజు మా ఆయన సెలవు పెట్టి నాతో వచ్చాడు. డాక్టరమ్మ మెలనోమానే అంది. లోతు ఎక్కువ లేదు అంది. ఆ మాటకు మా ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. కానీ ఆమె ఇంకా ముగించలేదు. ఒక మిల్లీమీటరు దాటింది కనుక అది గజ్జల్లో గ్రంథిదాకా పోయిందో లేదో చూడాలి. పోకపోతే మచ్చ చుట్టూ వెడల్పుగా కోసి తీసేస్తే దాదాపు సరిపోతుంది. పోయి ఉంటే దారి వేరు, పొడుగు.

చిన్నప్పుడు కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ల కట్టేది. అమ్మ వేడి కాపడం పెట్టేది. ఆ బిళ్లల్లోనే నా ప్రాణం ఉందని ఆ రోజు తెలిసింది. ఆటోలో వస్తూ నేను ఆ చోటే చేత్తో తడుముకుంటూ కూర్చున్నాను. భయమేసింది. చావంటే భయం లేదని గొప్పలు చెప్పేవాళ్లను నేను నమ్మను. నాకు చావంటే భయమే. దానికంటే, నా పక్కన కూర్చున్న ఈ మనిషికి అన్నం వార్చుకోవడం కూడా రాదు, ఎలా బతుకుతాడన్నది ఇంకా పెద్ద భయం. ఆయన ఆటోవాడికి దారి చెప్పడం మర్చిపోయి మల్లాపూర్ దాకా పోనిచ్చాడు. మళ్లీ వెనక్కి తిప్పించాం.

మా ఆయన అన్నకు చెప్పాడు, అన్న భార్యకు చెప్పాడు. మరునాడు నేను బియ్యం కడుగుతుంటే యారాలు వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. ఆమె అలా గుమ్మంలోనే ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"నేను రుద్దబట్టేనా చెల్లే?" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. తరువాత అర్థమై, చేతిలో గిన్నె కింద పెట్టాను. ఎందుకంటే అదే ప్రశ్న నేను డాక్టరమ్మను అడిగాను. ఇన్నేళ్లు రాయి పెట్టి రుద్దాను, ఆనె పట్టీ అంటించాను, దానివల్ల వచ్చిందా అని. కాదంది. రుద్దితే పుట్టే రోగం కాదంది.

"కాదక్కా. డాక్టర్‌ను అడిగిన" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్లు పెట్టుకోవద్దన్నడు గద ప్రభువు."

"గిప్పుడు నాకు వాక్యం చెప్పకు!" అని కసిరి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాళ్లు కడిగిన సాయంత్రం తరువాత మేం మాట్లాడుకున్న మొదటి మాటలవి. నేను బియ్యం మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఆమె లాక్కుని తనే కడిగి పొయ్యి మీద పెట్టింది.

ఆపరేషన్ ఊరికి ఆ చివర పెద్ద క్యాన్సర్ దవాఖానాలో. సర్జన్ పెద్దాయన, బొమ్మ గీసి చెప్పాడు. మడమ మీద బరువు పడుతుంది కనుక తొడ నుంచి తీసిన పలుచటి తోలు అక్కడ నిలవదు. అందుకని అరికాలి మధ్య గుంటలో ఉన్న మందపు తోలును, దాని రక్తనాళం తెగకుండా, మడమకు తిప్పుతారు. ఆ గుంటకు తొడ తోలు అతుకుతారు. "అంటే నా కాలుకు నా కాలే అప్పిస్తుందన్నమాట" అన్నాను. ఆయన నవ్వి, "టీచరమ్మలతోని గిదే" అన్నాడు.

గజ్జల్లో ఏ గ్రంథిని తీయాలో తెలియడానికి మచ్చ ఉన్నచోట ముందు ఒక మందు, మత్తు ఇచ్చాక నీలం రంగు ఇంకొకటి ఎక్కిస్తారు. మచ్చ నుంచి బయలుదేరిన రోగం ముందుగా ఏ గ్రంథికి చేరుతుందో, ఆ రంగూ అక్కడికే చేరుతుంది. దాన్ని తీసి పరీక్షకు పంపుతారు. అందులో లేకపోతే వెనకున్న వాటిలో ఉండే అవకాశం బాగా తక్కువ. మొదటి ఇంజెక్షన్ మడమలో గుచ్చినప్పుడు నేను అరిచిన అరుపుకు వరండాలో ఉన్న మా ఆయన లేచి నిలబడ్డాడట. మిగతా రోజంతా నాకు తెలియదు.

మరునాడు మూత్రం పచ్చగా, నీలంగా వచ్చింది. అలా వస్తుందని నాకెవరూ ముందే చెప్పలేదో, చెప్పినా నేను వినలేదో. బెడ్‌పాన్ పట్టుకున్న యారాలు చూసి "ప్రభువా!" అని కేక పెట్టింది. నేను చూసి ఇంకా పెద్ద కేక పెట్టాను. నర్సు పరుగెత్తుకొచ్చి, చూసి, నవ్వుతూ ఆ నీలం మందే అట్ల పోతుందని చెప్పింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముందు ఆమె నవ్వింది. కుట్లు లాగుతున్నా నాకూ నవ్వు ఆగలేదు.

గ్రంథి రిపోర్టు వచ్చేదాకా గడిచిన రోజులు మాత్రం నవ్వుతో గడిచినవి కాదు. కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టుకుని పడుకోవడం, ఫోను మోగితే ఉలిక్కిపడటం. మా ఆయన పనికి పోతే యారాలు వచ్చేది. తన ఇంట్లో వండి టిఫిన్ క్యారియర్‌లో తెచ్చేది. ఆమె కూరల్లో ఉప్పు తక్కువ. అన్నాను.

"ఉప్పు తక్కువైంది అక్కా."

"మంచిగైతున్నవు తియ్" అంది.

రిపోర్టు వినడానికి వెళ్లినప్పుడు మా ఆయనా యారాలూ నన్ను చక్రాల కుర్చీలో తోసుకుని వెళ్లారు. సర్జన్ కాగితం చదివి, కళ్లజోడు తీసి, మామూలుగా చెప్పాడు. గ్రంథిలో ఏమీ లేదు. కోసిన అంచుల్లోనూ లేదు. మందులు అక్కర్లేదు, రేడియేషన్ కరెంటు పెట్టించుకోనక్కర్లేదు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, అంతే. అంత పెద్ద మాటను మనిషి అంత మామూలుగా ఎలా చెబుతాడో! మా ఆయన రెండు చేతులెత్తి ఆయనకు దండం పెట్టాడు. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. బయటికి వచ్చి కుర్చీలో ఉండగానే యారాలు చెయ్యి పట్టుకుని చెప్పేశాను, "నువ్వు లాగి చూడకుంటే ఇంకా దాచుకొనే తిరుగుదును అక్కా" అని.

ఆ మాట చెప్పి తప్పు చేశాను. నేను నాచారం చేరేలోపే సంఘమంతటికీ తెలిసింది. ఆరాధనలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యం సమయంలో ఆమె లేచి, "నేను రుద్దబట్టే దొరికింది" అని మొదలుపెట్టింది. పాస్టరమ్మతో, కూరగాయల బండి అతనితో, కాప్రాలో ఉన్న తన చెల్లెలి అత్తగారితో, ఎవరు దొరికితే వాళ్లతో అదే మాట. ఒక్కొక్కసారి చెప్పినప్పుడు నా మచ్చ కొంచెం కొంచెం పెద్దదైంది. చివరికి అరచేయంత అయింది. నేను అడ్డుపడి "రూపాయి బిళ్లంత కూడా లేదక్కా" అంటే, "నీకేం కనబడ్డది, నీ మడమ నువ్వు చూసుకుంటివా?" అనేది.

ఇంకో మంచి జరిగింది. మా ఆడవాళ్లు కాళ్లు తోముకోవడమే కాక చూసుకోవడం మొదలుపెట్టారు. గోళ్లరంగు తుడిచి గోళ్లు చూసుకునేవారు. ఒకావిడ తన కాలి మచ్చ చూపించడానికి ఉప్పల్ దాకా వెళ్లి, అది నిజంగానే ఆనె అని తెలుసుకుని స్వీట్లు పంచింది.

కాలు నిలబడటానికి నెలలు పట్టింది. మొదట వాకర్, తరువాత గోడ, తరువాత మా ఆయన భుజం. స్కూల్లో నా జీవితంలో మొదటిసారి కుర్చీలో కూర్చుని పాఠం చెప్పాను. పిల్లలు సంతోషించారు, కూర్చుంటే చివరి బెంచీ కనబడదు కదా. మడమ మీద తిప్పి కుట్టిన తోలు మొదట్లో నాది కానట్టుండేది. మడమ నేలకు ఆనితే అరికాలి గుంటలో చక్కిలిగిలి పెట్టినట్టుండేది. నడవగా నడవగా సర్దుకుంది. మెత్తటి చెప్పులు లేకుండా ఇంట్లో కూడా తిరగను.

నెలకోసారి ఒళ్లంతా చూసుకోమని డాక్టరమ్మ చెప్పింది. వీపు, తొడల వెనుక, కాలివేళ్ల మధ్య. మనకు కనబడనిచోట ఇంట్లోవాళ్లు చూడాలి. మా ఆయనకు ఆ పని అప్పగించాను. ఆదివారం ఆరాధన నుంచి రాగానే తలుపులు వేసి, ఫోన్ లైటు పెట్టి, లేత్ మిషన్ మీద సామాను కొలిచే మనిషి కదా, అంతే శ్రద్ధగా చూసేవాడు. పెళ్లైన కొత్తలో కూడా నన్నంత పరీక్షగా చూడలేదు. ప్రతి పుట్టుమచ్చకూ ఫోటో. ఒక ఆదివారం భుజం వెనుక లైటు ఆపి, గొంతు తగ్గించి, "ఇదేంది, ఇది పోయిన నెల లేకుండె" అన్నాడు. ఆయన వేలితో తాకితే అది ఊడి మంచం మీద పడింది. తాలింపులో ఎగిరిన ఆవగింజ.

అలా నవ్వుకుంటూ రోజులు నడుస్తున్నాయి. మూడు నెలలకోసారి డాక్టరమ్మ దగ్గరికి, ఆరు నెలలకోసారి సర్జన్ దగ్గరికి. వెళ్లే వారం ముందు నుంచి నాకు అన్నం సహించదు, వచ్చాక రెండు రోజులు అందరి మీదా ప్రేమ పుట్టుకొస్తుంది. మూడో రోజుకు మామూలే.

మొన్న వానాకాలంలో, స్నానం చేస్తుండగా, కుడి గజ్జల్లో చేతికి బిళ్ల తగిలింది.

వదిలేసి మళ్లీ తడిమాను. ఉంది. చిక్కుడు గింజంత, నొక్కితే నొప్పి. నీళ్లు పోసుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను. రిపోర్టులో ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్నచోటే వచ్చింది. మా ఆయన అప్పటికే పనికి వెళ్లిపోయాడు. చీర చుట్టుకుని యారాలు ఇంటికి నడిచాను. ఆమె పిండి కలుపుతోంది. నా ముఖం చూసి చేతులు ఆపింది. "బిళ్ల కట్టింది" అన్నాను. చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుని "పా" అంది. జీవితంలో ఆమె అన్న అతి చిన్న మాట అదే.

డాక్టరమ్మ బిళ్లను నొక్కి చూసింది, చుట్టూ చూసింది. పాత గాయం మీద వేలు పోనిచ్చింది. తరువాత నా కాలివేళ్లు విడదీసి చూసింది. చిటికెన వేలి సందున తడికి నాని పగిలి, పుండై చీము పట్టింది. నాచారం మెయిన్ రోడ్డు మీద వాననీళ్లలో దిగి రోజూ స్కూలుకు పోయిన కాలు మరి.

"దీనికి గూడ బిళ్ల కట్టొచ్చు" అంది. "కానీ మీ విషయంల 'కావచ్చు' అని ఊకోను. స్కాన్ చేసి, సూదితోని ముక్క తీసి చూద్దాం. అప్పటిదాక ఫికర్ పెట్టుకోకుండ్రి అంటే మీరు ఇనరు గద?"

"వినను" అన్నాను.

స్కాన్ అయింది, సూది అయింది. ఫలితం కోసం ఎదురుచూసిన ఆ రెండు రోజుల్లో పొరపాటున కూడా నాకు కోపం రాలేదు. మా ఆయన అదే చూసి భయపడ్డాడు. యారాలు తెచ్చిన కూర మాడు వాసన వస్తున్నా మాట అనకుండా తిన్నాను. స్కూల్లో పిల్లలు గోల చేస్తే వాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నాను. ప్రార్థనలో ఏమీ అడగలేకపోయాను. ఇంతకుముందే అడిగాను, ఇచ్చాడు, మళ్లీ అడగడానికి ముఖం చెల్లలేదు.

ఆ రోజు మా ఆయనకు సెలవు దొరకలేదు. యారాలే వచ్చింది. క్లినిక్ కింద మెట్ల దగ్గర ఆగిపోయింది.

"నేను రాను పైకి. నువ్వే పోయి ఇను. నా తోని కాదు" అని చెరకురసం బండి పక్కన మెట్టు మీద కూర్చుంది. తలమీద కొంగు కప్పుకుని కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి.

నేను ఒక్కదాన్నే పైకి వెళ్లాను. డాక్టరమ్మ నన్ను కూర్చోనివ్వకుండానే చెప్పింది. "ఏం లేదమ్మా. వేళ్ల సందుల పుండుకే కట్టింది. మందు రాస్తే అది తగ్గుతది, ఇది తగ్గుతది. కొన్ని వారాలకు మళ్ల చూద్దాం." రెండుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారి అడిగితే ఆమె నా చెయ్యి పట్టుకుని నవ్వింది.

మెట్లు దిగుతుంటే ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. యారాలు కళ్లు తెరిచి, నా ముఖం చూసి, ఒక్క ఉదుటున లేచింది. తలమీద కొంగు జారి మెట్టు మీద పడింది.

"ఏం లేదంట అక్కా! ఏం లేదంట! వేళ్ల సందుల పుండేనంట!"

ఆమె నా భుజం మీద రెండు దెబ్బలు వేసింది, గట్టిగానే.

"ఏం లేకుంటే ఎందుకేడుస్తున్నవే! నా పానం పోయింది గదనే!" అంటూ మళ్లీ మెట్టు మీద కూలబడి, బజారు అని కూడా చూడకుండా ఏడ్చింది. మెట్రో దిగి పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. చెరకురసం అతను మిషన్ ఆపేశాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని లేపబోయాను.

"లే అక్కా, అందరు చూస్తున్నరు."

"చూడనీ" అంది. ముక్కు చీది, నావైపు చూడకుండా, కోపంగా అంది. "నువ్వు పోతే నేనెవరితోని కొట్లాడాలెనే?"

ఇన్నాళ్లూ బతకాలని నా కోసం ప్రార్థన చేసుకున్నాను, మా ఆయన కోసం చేసుకున్నాను. ఈమెకు కూడా నేను కావాలన్న సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆమెను లేపడం మానేసి పక్కనే ఆ మెట్టు మీద కూర్చున్నాను. ఇద్దరం గట్టిగానే ఏడ్చాం.